లాల్‌దర్వాజ మొక్కు

చార్మినార్ నుంచి షాలిబండ మీదుగా కిందికి దిగితే నాగులచింత చౌరస్తాకు దగ్గర్లోనే లాల్‌దర్వాజ. పేరులో దర్వాజా ఉంది గానీ చూద్దామంటే దర్వాజా లేదు. పాత ఊరి గోడకున్న దర్వాజాల్లో నేటికీ నిలబడినవి పురానాపూల్‌ది, దబీర్‌పురాది. మిగతావి బస్సు కండక్టర్ల నోట్లో, పోస్టు అడ్రసుల్లో బతుకుతున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది మామూలు బస్తీ. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, కిరాణా కొట్లు, మిర్చి బజ్జీల బండి, స్కూటర్ పక్కకు తీస్తే తప్ప ఆటో పోని సందులు. సింహవాహిని మహంకాళి గుడి కూడా అలాంటి సందులోనే, ఇళ్ల మధ్యన ఉంటుంది. దూరం నుంచి కనిపించే ఆర్భాటం ఏమీ లేదు.

ఆషాఢం ముగింపుకొచ్చే ఆదివారం మాత్రం ఈ సందులోకి హైదరాబాద్ అంతా వస్తుంది. బోనాలు గోల్కొండ కోటలో జగదాంబిక దగ్గర మొదలవుతాయి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి వెళతాయి, ఆఖరున పాతబస్తీకి చేరతాయి. ఆ పాతబస్తీ వంతుకు పెద్దదిక్కు లాల్‌దర్వాజ. మంత్రులు పట్టువస్త్రాలు తెస్తారు, టీవీ వాళ్లు డాబాల మీద కెమెరాలు పెడతారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు కూడా ఇక్కడ బోనం ఎత్తుకున్నారు. ఆ రోజుకు వైన్ షాపులు మూసేయమని పోలీసులు ముందే ఆర్డరు ఇస్తారు. ఆ ఆర్డరు మీద ఎవరికెంత గౌరవం ఉందో సాయంత్రం తీన్‌మార్ చూస్తే తెలుస్తుంది.

ఈ పండుగను ఎవరైనా ఎందుకు చేస్తారని అడిగితే బస్తీలో ఒకటే జవాబు: మొక్కుంది. ఎవరి మొక్కు? ఇంటింటికీ ఒకటి ఉంటుంది. పిల్లవాడికి జ్వరం తగ్గింది, కోడలికి కాన్పు సుఖంగా అయింది, మగనికి దుబాయ్‌లో పని దొరికింది. వీటన్నిటికీ పైన బస్తీ మొత్తానికి కలిపి ఒక పాత మొక్కు ఉంది. అది మూసీ మొక్కు.

1908 సెప్టెంబరు ఆఖరు. రెండు రోజులు వాన ఆగలేదు. ఎగువన మూసీ, ఈసీ పరీవాహకంలో రెండువందలకు పైగా చెరువుల కట్టలు తెగాయి. సెప్టెంబరు 28న ఆ నీళ్లన్నీ ఒక్కసారే ఊరి మీదికి వచ్చాయి. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, ముసల్లంజంగ్ వంతెనలు దెబ్బతిన్నాయి. ఒడ్డున ఉన్న మొహల్లాలు ఇళ్లతో సహా పోయాయి. చనిపోయినవాళ్లు 15,000 మంది వరకు ఉంటారని అంచనా. ఉర్దూ రుబాయీలకు పేరు తెచ్చిన అంజద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజులోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ముసలి చింతచెట్టు ఆనాడు నూట యాభై మందికి పైగా ప్రాణం నిలిపింది. కొమ్మలు పట్టుకుని వేలాడినవాళ్లు బతికారు. ఆ చెట్టు ఈనాటికీ అక్కడే ఉంది. 

ఇక బస్తీ కథ. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్. 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాసిన, సూఫీల దగ్గర కూర్చున్న హిందువు. నీళ్లు తగ్గడం లేదని దొర దిగులుపడితే, అమ్మవారికి కోపమొచ్చింది, శాంతి చేయాలని కిషన్ పర్షాద్ చెప్పాడట. లాల్‌దర్వాజ అమ్మవారికి మొక్కి, బంగారు చాటలో పసుపు, కుంకుమ, పట్టుచీర, గాజులు, ముత్యాలు పెట్టి నిజామే స్వయంగా మూసీకి వదిలాడట. మూసీ తగ్గిందట. ఆ తర్వాతి ఏడు నుంచి ఇక్కడ బోనాలు పెద్దఎత్తున చేస్తున్నారట.

ఈ 'అట'లు నేను కావాలనే వేశాను. కొందరు చాట అంటారు, కొందరు పళ్లెం అంటారు. పూజ గుడిలోనే జరిగిందని ఒకరు, చార్మినార్ దగ్గరని ఇంకొకరు, మూసీ ఒడ్డునే అని మరొకరు. నేను ఈ కథ విన్నది అరుగుల మీద. పైగా మహబూబ్ పాషా కథలు అల్లుకోవడానికి అనువైన మనిషి. పాము కరిస్తే ఆయన పేరు చెప్పుకుంటే విషం దిగుతుందని ఊళ్లో నమ్మిన రోజులున్నాయి. కానీ ఒక లెక్క మాత్రం కుదురుతుంది. లాల్‌దర్వాజ గుడి 2025లో తన 117వ బోనాలు జరుపుకుంది. వెనక్కి లెక్కపెట్టుకుంటే మొదటిది 1909 ఆషాఢం. అంటే వరద బురద ఇంకా గోడల మీద ఎండుతూ ఉన్న ఏడు.

ఇలాంటి కథ మనకొక్కరికే లేదు. హైటెక్ సిటీలో అమెరికా ప్రాజెక్టుల మీద పనిచేసే పిల్లలకు నవంబరు నాలుగో గురువారం బాగా తెలుసు. ఆ సాయంత్రం కాల్స్ ఉండవు, మెయిల్స్ రావు. అవతలివాళ్లు థాంక్స్‌గివింగ్‌లో ఉంటారు. పంట ఇంటికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే శరత్కాలపు పండుగ. దాని వెనకా చావుల లెక్క ఉంది. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు ప్లిమత్ చేరితే మొదటి చలికాలంలోనే దాదాపు సగం మంది పోయారు. మక్కజొన్న ఎలా నాటాలో, చేపను ఎరువుగా ఎలా వేయాలో అక్కడి మూలవాసి టిస్క్వాంటమ్ నేర్పాడు. 1621లో పంట వచ్చింది. యాభై మంది వలసవాళ్లు, వాంపనోగ్ పెద్ద మాసాసోయిట్‌తో వచ్చిన తొంభై మంది మూడు రోజులు కలిసి తిన్నారు. వచ్చినవాళ్లు అయిదు దుప్పులు కొట్టి తెచ్చారు. అంతే. దాన్ని ఆ రోజు ఎవరూ పండుగ అనలేదు. 'మొదటి థాంక్స్‌గివింగ్' అన్న పేరు 1841లో ఒక పుస్తకంలో పడింది. సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి వెంటపడితే, అంతర్యుద్ధం నడుస్తుండగా 1863లో లింకన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941లో.

ఆ కథలో వాంపనోగ్‌లు అతిథులుగా వచ్చి, తిని, వెళ్లిపోతారు. తర్వాత 1675లో వాళ్లకూ వలసవాళ్లకూ మధ్య జరిగిన యుద్ధం, పోయిన భూములు ఆ భోజనాల బల్ల మీద కనిపించవు. అందుకే 1970 నుంచి అదే గురువారం అదే ప్లిమత్‌లో మూలవాసులు శోకదినం పాటిస్తున్నారు. కృతజ్ఞత పండుగల్లో ఉండే చిక్కే ఇది. గండం గడిచాక చెప్పుకునే కథలో గండం తప్పినవాళ్లే ఉంటారు. లాల్‌దర్వాజ కథలోనూ అంతే. నిజాం ఉన్నాడు, దివాన్ ఉన్నాడు, బంగారు చాట ఉంది. 15,000 మంది లేరు. అంజద్ తల్లి లేదు.

అయినా ఈ రెండు కథలకు ఒక తేడా ఉంది. నాకు లాల్‌దర్వాజ కథ మీద మనసు పోవడానికి కారణమూ అదే. ఇక్కడ ముస్లిం రాజు హిందూ దేవత ముందు తల వంచాడని చెప్పుకునేది ఆ బస్తీవాళ్లే. వంద దాటిన ఏళ్లలో ఈ సందుల్లో కర్ఫ్యూలు పడ్డాయి, రెండు వైపులా గాయాలున్నాయి. ఆ ఏళ్లలోనూ ఈ కథలోంచి నిజాంను తీసేయలేదు. ఎవరికైనా తీసేయాలని ఉంటే చాలా తేలిక. మొక్కింది బస్తీ పెద్ద అని చెప్పినా కథ నడుస్తుంది.

అసలు పండుగ ఆ కథ కంటే ముసలిది. ఆషాఢమంటే కొత్త నీళ్లు, ఈగలు, అమ్మవార్లు, గత్తర. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, పెద్దమ్మ, ముత్యాలమ్మ పేరు ఏదైనా ఊరి పొలిమేరలో కూర్చుని రోగాన్ని ఆపే తల్లులు. అందుకే పసుపు, అందుకే వేపాకు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళిదీ ఇదే దారి. 1813లో ఇక్కడ గత్తర జనాన్ని ఊడ్చేస్తుంటే, సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన, మా ఊరివాళ్లు బతికితే నీకు గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కట్టెతో చేసిన విగ్రహం నిలిపాడు. ఒక కథలో డోలీ మోసే మనిషి, ఇంకో కథలో నిజాం. అమ్మవారి దగ్గర ఇద్దరిదీ ఒకటే బేరం: ముందు నువ్వు కాపాడు, తర్వాత నేను ఇస్తాను.

ఇచ్చేదేమిటంటే అన్నం. ఆదివారం తెల్లారుజామునే ఇంటి ఆడవాళ్లు తలంటుకుని, ఒక్క పొద్దుండి, కొత్త కుండలోనో ఇత్తడి బిందెలోనో వండుతారు. కొందరిది పాలు, బెల్లం వేసిన పరమాన్నం. కొందరిది పసుపన్నం, పక్కన పెరుగు, ఉల్లిగడ్డ. ఆ కుండను ముస్తాబు చేయడం చూడాలి. ముందు సున్నం పూస్తారు. ఆరాక పసుపు, దాని మీద కుంకుమ బొట్లు వరుసగా, వంకర పోకుండా. మెడ చుట్టూ వేపమండలు కడతారు. మూత మీద ప్రమిద, అందులో నూనె, వత్తి. చిన్న పిల్లలెవరైనా చేయి పెడితే 'ముట్టకు బిడ్డా, మడితోటి ఉన్నది' అని నాయనమ్మ గదమాయిస్తుంది. చుట్టకుదురు తల మీద పెట్టుకుని, దాని మీద బోనం ఎత్తాక ఇంటావిడ ఇంక ఎవరితోనూ మాట్లాడదు. నడక మారిపోతుంది. మెడ కదలదు, చూపు ఎదురుగా, భుజాలు మాత్రం డప్పుకు తగ్గట్టు లేస్తుంటాయి. గాలికి దీపం ఆరకుండా పక్కనే నడిచే ఆడబిడ్డ చెయ్యి అడ్డం పెడుతుంది. దారి పొడుగునా ఇళ్లవాళ్లు చెంబులతో బయటికొచ్చి ఆమె కాళ్ల మీద నీళ్లు పోస్తారు. ఆమె మీద ఇప్పుడు అమ్మ ఉంది, ఆ వేడి చల్లారాలని. పసుపు నీళ్లలో వేపాకు వేసి గుడి దగ్గర సాక పోస్తారు. కోరేది పెద్దగా ఏమీ ఉండదు. సల్లంగ చూడు తల్లీ, అంతే.

లైను మాత్రం గంటలు పడుతుంది. తల మీద ఐదారు కిలోల బరువు, వెనక నుంచి తోపులాట, పాస్‌లున్నవాళ్లు పక్క గేటులోంచి లోపలికి. వీఐపీ దర్శనం అన్న ముక్క ఏ అమ్మవారు అడిగిందో నాకు తెలియదు. పేదింటి ఆడమనిషి దీపం ఆరకుండా నిలబడి ఉన్నంతసేపూ కాన్వాయ్ ఇంజన్లు ఆన్‌లోనే ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఇది ఇంటి పండుగ అయిపోతుంది. ఆషాఢంలో కొత్త కోడళ్లు ఎలాగూ పుట్టింట్లోనే ఉంటారు. పెళ్లిళ్లయి పదేళ్లయిన ఆడబిడ్డలు కూడా ఉప్పల్ నుంచో పటాన్‌చెరు నుంచో పిల్లల్ని తీసుకుని దిగుతారు. అమ్మవారు కూడా ఈ నెలలో పుట్టింటికి వస్తుందని నమ్మకం. మొక్కున్నవాళ్లు యాటను కోస్తారు, లేనివాళ్లకు కోడి. తలకాయ కూర ఒక పొయ్యి మీద, బోటి ఇంకో పొయ్యి మీద, బగారన్నం వాకిట్లో పెద్ద దేగీషాలో. దగ్గరివాళ్లకు గిన్నెలు పోతాయి, అల్లుళ్లకు కల్లు వస్తుంది. అమెరికావాళ్లకు టర్కీ కోడి కోసేటప్పుడు ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరడం ఎంత ముఖ్యమో, ఇక్కడ ఆడబిడ్డ విస్తట్లో మొదటి ముక్క పడటం అంత ముఖ్యం. అక్కడ 1989 నుంచి ప్రతి ఏడూ అధ్యక్షుడు ఒక టర్కీ కోడిని 'క్షమించి' వదిలేయడం ఆనవాయితీగా పెట్టుకున్నారు. ఇక్కడా అలాంటిదొకటి జరిగింది. పోతరాజు పంటితో మేకను గావు పట్టే ఆచారం పోయి, చాలాచోట్ల ఆ స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది. అమెరికా పండుగలోనూ గుమ్మడికాయ తప్పనిసరి. కాకపోతే వాళ్లు తీపి వంటకం చేసుకుంటారు, మనవాడు నేలకేసి పగలగొడతాడు.

పోతరాజు అమ్మవారికి తమ్ముడు. ఒంటినిండా పసుపు, ఎర్ర ధోతి బిగించి, నిమ్మకాయల దండ వేసుకుని, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో ఈరకోల. బోనాలకు ముందు నడిచి దారి చేస్తాడు. ఆ కొరడా దెబ్బ తగిలితే మంచిదని కావాలనే చెయ్యి చాపే కుర్రాళ్లుంటారు. పోతరాజు వేషం కొన్ని ఇళ్లకు తాత నుంచి మనవడికి వచ్చే హక్కు. వారాలపాటు నియమం పాటించి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడే మనిషి మోకాళ్లు ఏమవుతాయో ఎవరూ అడగరు. డప్పుల సంగతి ఇంకో ముచ్చట. ఇక్కడ మోగే తీన్‌మార్ దెబ్బ హైదరాబాద్ సిద్దీలు, అరబ్బు చావుష్‌లు వాయించే మర్ఫాలోనూ ఉంది. నిఖాలో ఎగిరిన కాళ్లే బోనాల్లోనూ ఎగురుతాయి, దెబ్బ ఒకటే కదా. వెనకాలే ఫలహారం బండ్లు. ఒకప్పుడు ఎడ్లబండి మీద పళ్లు, ప్రసాదాలు. ఇప్పుడు డీసీఎం లారీ మీద ఎల్‌ఈడీ అమ్మవారు, డీజే. రంగు కాగితాలు, వెదురు పుల్లలతో ఎత్తుగా కట్టిన తొట్టెలు మాత్రం ఇంకా చేతిపనే.

సోమవారం రంగం. పచ్చి కుండ మీద నిలబడి ఒక స్త్రీ అమ్మవారి మాటగా ఏడాది ఎలా ఉంటుందో చెబుతుంది. వానలు పడతాయా, రోగాలు వస్తాయా అని పూజారి అడుగుతాడు. జనం ఊపిరి బిగబట్టి వింటారు. విన్నదాన్ని రాత్రికల్లా తమ పార్టీకి అనుకూలంగా మార్చుకుని చెప్పుకుంటారు.

తర్వాత ఘటాల, అంటే అమ్మవారి రూపంగా ముస్తాబు చేసిన కుండల ఊరేగింపు. లాల్‌దర్వాజ, ఉప్పుగూడ, గౌలిపురా, సుల్తాన్‌షాహి, మీరాలంమండి, హరిబౌలి, ఇలా పాతబస్తీ గుళ్ల ఘటాలు ఒక్కొక్కటే వచ్చి కలుస్తాయి. చార్మినార్, గుల్జార్‌హౌజ్, మదీనా మీదుగా నయాపూల్ దాకా. ఇందులో హరిబౌలి ఘటం ఏనుగు మీద వస్తుంది. అది అక్కన్న మాదన్నల గుడి. గోల్కొండ సుల్తాను తానీషా దగ్గర మంత్రులుగా చేసి, 1686లో గోల్కొండ వీధుల్లో చంపబడిన అన్నదమ్ముల పేరుతో నిలిచిన గుడి. వాళ్లు పోయిన మరుసటి ఏడే కోట ఔరంగజేబు చేతికి వెళ్లింది. ఏనుగు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. జూపార్కులో ఉండే రజని అనే ఏనుగు కొన్నేళ్లపాటు ఆషాఢంలో అమ్మవారి ఘటాన్నీ, మొహర్రం పదోనాడు దబీర్‌పురా బీబీకా అలావా నుంచి బీబీకా ఆలంనూ మోసింది. దానికి దారి కూడా బాగా అలవాటైంది. చార్మినార్ దగ్గర ఎటు తిరగాలో మావటి చెప్పనక్కర్లేదని ఊరివాళ్లు నవ్వుకునేవారు.

నయాపూల్ దగ్గర, ఢిల్లీ దర్వాజా అమ్మవారి గుడి వద్ద, ఘటాలు మూసీని చేరతాయి. 1908లో ఊరిని ముంచిన చోటే అది. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో అక్కడ కొంచెం తికమక అవుతుంది. నిజాం చాట వదిలాడో లేదో గానీ, మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిన మాట ఖాయం. పైన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టుకోవాలని ఆయన చెప్పాడు. మహబూబ్ పాషా 1911లోనే పోయాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మూసీకి మొక్కూ చెల్లించారు, మూసీకి అడ్డుకట్టా వేశారు. మన పెద్దలు ఈ రెండింటికీ పేచీ పెట్టుకోలేదు.

తర్వాతి తరాలు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాయి. 2020లో కరోనా వల్ల బోనాలు ఇళ్లకే పరిమితమయ్యాయి. గుళ్లలో పూజారులే మొక్కు తీర్చారు. అదే ఏడు అక్టోబరులో వానకు పల్లెచెరువు కట్ట, తర్వాత గుర్రంచెరువు కట్ట తెగి, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు బస్తీలు మునిగాయి. లాల్‌దర్వాజకు ఆటోలో పోయేంత దూరం. బోనం సరిగా ఎత్తకపోవడం వల్లే ఇలా అయిందని అనుకునేవాళ్లు ఉంటే నేను వాదించను. కానీ 1908లో తెగినవీ చెరువు కట్టలే, 2020లో తెగినవీ చెరువు కట్టలే. నడుమ తేడా అల్లా ఆ చెరువుల్లోనే మనం కాలనీలు కట్టుకోవడం. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ప్రయాణికుల్ని తాళ్లు పట్టించి బయటికి తెచ్చారు.

2021 ఆషాఢంలో మళ్లీ సందు నిండింది. మాస్కులు గడ్డాల కిందికి జారాయి, బోనాలు తలల మీదికెక్కాయి. ఆ ఏడు మొక్కులు ఎక్కువే ఉన్నాయి. ఇంట్లో మిగిలినవాళ్లందరి పేరునా చెల్లించాల్సినవి మరి.